తల పగలకపోవడానికి గల కారణాలు

నీటి సరఫరా కార్యాలయంలో రికార్డుల గుమస్తాగా పనిచేస్తున్న పెద్దమనిషి, నాలుగు నెలల కిందట ఒక మంగళవారం ఉదయం తొమ్మిది గంటల నలభై నిమిషాలకు, అదే కార్యాలయం ముందున్న మలుపులో మోటారు సైకిలు మీంచి పడ్డారు. తల వెళ్ళి కాలువ గట్టుకు కొట్టుకుంది. తల పగలలేదు. ఎందుకు పగలలేదన్న విషయం మీద ఊరంతా నెల రోజులు తీవ్రంగా ఆలోచించి కొన్ని నిర్ణయాలకు వచ్చింది. వాటిని ఉన్నవి ఉన్నట్టు నమోదు చేయడమే నా పని. నేను అదే కార్యాలయంలో తపాలా విభాగంలో ఉన్నాను. నా బల్ల ఆయన బల్లకు ఆనుకునే ఉంటుంది. లేనివి కల్పించే అలవాటు మా విభాగానికి లేదు. వచ్చినదానికి నంబరు వేసి పైకి పంపడం వరకే మా బాధ్యత.

ముందు ఆయన గురించి చెప్పాలి. అందరూ ఆయన్ని రికార్డులాయన అంటారు. ఇరవై రెండేళ్ళుగా కార్యాలయంలోని పాత కాగితాలను ఎవరికీ దొరకకుండా భద్రపరుస్తున్నారు. ఇరవై రెండేళ్ళుగా అదే మోటారు సైకిలు మీద ఉత్త తలతో వస్తున్నారు. వయసు యాభైకి దగ్గరపడినా జుట్టు మాత్రం ఉద్యోగంలో చేరిన రోజు ఎలా ఉందో అలాగే ఉంది. నల్లగా, ఒత్తుగా, ఎడమ పక్క స్కేలు పెట్టి గీసినట్టు పాపిడి. ఫలానా ఫైలు ఎక్కడుందంటే వారం గడువు అడుగుతారు గానీ, దువ్వెన ఏ సొరుగులో ఉందో కళ్ళు మూసుకుని చెప్పగలరు.

హెల్మెట్ పెట్టుకోమని ఎవరైనా అంటే ఆయన దగ్గర జవాబులు సిద్ధంగా ఉండేవి. వెనక వచ్చే బండి హారను వినపడదనేవారు. వినపడిన రోజుల్లోనూ ఆయన ఎవరికీ దారి ఇచ్చిన దాఖలాలు లేవు. చెమట పడుతుందనేవారు, మెడ పట్టేస్తుందనేవారు. అన్నీ అయ్యాక, రాసిపెట్టి ఉంటే ఆ ప్లాస్టిక్ బుర్ర ఆపుతుందా అనేవారు. ఆ మాట దగ్గర వాదన ఆగిపోయేది. ఎందుకంటే మాలో చాలామందికి కూడా చివరి మాట అదే.

ఆయన భార్య దర్జీ. ఇంటి ముందు గదిలో కుట్టు మిషను పెట్టుకుని నాలుగు వీధుల బట్టలు కుడుతుంది. నోట్లో ఎప్పుడూ రెండు మూడు గుండుసూదులు ఉంటాయి కాబట్టి ఆవిడ మాట్లాడటం తక్కువ. ఒకరోజు పై వీధి నుంచి ఒక స్త్రీ మగవాళ్ళ చొక్కాలు పద్నాలుగు తెచ్చింది. అన్నీ ఉతికి ఇస్త్రీ చేసి ఉన్నాయి. వీటితో దిండు గలేబులు కుట్టాలంది. గుడ్డ ఇంకా గట్టిగా ఉంది కదమ్మా, ఎవరైనా తొడుక్కోవచ్చు కదా అని దర్జీ ఆవిడ అడిగింది. తొడుక్కునే మనిషి రెండు నెలల కిందట బండి మీంచి పడ్డాడని, తలకు తప్ప ఒంటి మీద మరెక్కడా గీత కూడా పడలేదని ఆమె చెప్పింది. చొక్కాలు అప్పజెప్పి గుమ్మం దాకా వెళ్ళి మళ్ళీ వెనక్కి వచ్చి, జేబులు మాత్రం తీసేయొద్దని, ఉన్నవి ఉన్నట్టు ఉంచి కుట్టమని అడిగింది.

ఆ సాయంత్రం రికార్డులాయన పేపరు చదువుకుంటుంటే వెనక నుంచి భార్య వచ్చి తల చుట్టూ టేపు వేసింది. ఇరవై మూడు అంగుళాలు. టోపీ కుడుతున్నావా అని ఆయన అడిగారు. ఆవిడ నోట్లో సూదులున్నాయి. మర్నాటికి ఆ కొలతకు సరిపడా ఎర్ర హెల్మెట్ ఇంట్లో ఉంది.

మొదటి వారం ఆయన దాన్ని బండి అద్దానికి తగిలించుకుని ఆఫీసుకు వచ్చారు. ఆ వారమంతా అద్దానికి ఏ ప్రమాదమూ జరగలేదు. రెండో వారం మోచేతికి వేసుకున్నారు. మోచేయి కూడా క్షేమంగా ఉంది. మూడో వారం నుంచి భార్య గేటు దాకా వచ్చి, హెల్మెట్ తన చేత్తో ఆయన తలకు పెట్టి, గడ్డం కింద పట్టీ తనే బిగించడం మొదలుపెట్టింది. ఆయన ఆవిడ కళ్ళ ముందు బుద్ధిగా కదిలి, వీధి చివర బండి ఆపి, హెల్మెట్ తీసి, తల దువ్వుకుని మళ్ళీ బయల్దేరేవారు. దీనివల్ల ఆఫీసుకు రోజూ ఐదు నిమిషాలు ఆలస్యమయ్యేది. హాజరు పుస్తకంలో కారణం గడిలో 'రోడ్డు మీద రద్దీ' అని రాసేవారు.

ఆ మంగళవారం మాత్రం వీధి చివర తీయలేదు. ఎందుకు తీయలేదో అప్పుడు మాకెవరికీ తెలియదు. ఎవరూ అడగలేదు కూడా.

మా కార్యాలయం ముందు మలుపులో ఒక గొయ్యి ఉంది. కింద గొట్టం పగిలిందని మా వాళ్ళే తవ్వి అప్పటికి ఏడు నెలలైంది. కాగితాల మీద దాన్ని పూడ్చి ఆరు నెలలైంది. ఆ కాగితాలు భద్రపరిచింది రికార్డులాయనే. కాబట్టి ఆయన తన రికార్డుల ప్రకారం ఎక్కడా లేని గోతిలో పడ్డారని చెప్పాలి.

కిటికీలోంచి ఠప్పుమన్న చప్పుడు వినపడి ఎవరిదో కుండ పగిలిందనుకున్నాను. పరుగెత్తుకెళ్ళి చూస్తే బండి ఒక పక్క, మనిషి ఒక పక్క. తల కాలువ గట్టు మీద ఉంది. పది లెక్కపెట్టేంత సేపు ఆయనలో కదలిక లేదు. తర్వాత ఆయన లేచి కూర్చుని, హాజరు పుస్తకం లోపలికి పంపేశారా అని అడిగారు. స్పృహలోనే ఉన్నారని మాకు ధైర్యం వచ్చింది. హెల్మెట్ నుదుటి నుంచి చెవి పై దాకా పగిలి నోరు తెరుచుకుని ఉంది. పట్టీ విప్పబోతే ఆయన రెండు చేతులతో గట్టిగా పట్టుకుని వద్దన్నారు. ఆస్పత్రికి పోయాక డాక్టరుగారి ముందే తీస్తానన్నారు.

ఆస్పత్రిలో గది లోపలికి భార్యను తప్ప ఎవర్నీ రానివ్వలేదు. మోకాలికి మూడు కుట్లు పడ్డాయి, భుజం బెణికింది, అంతే. డాక్టరుగారు ఆ పగుల్లో వేలు పెట్టి చూసి, "ఇది మీ పుర్రెకు పడాల్సిన పగులు. ఇది ఇక పనికిరాదు, ఇవాళే కొత్తది కొనుక్కోండి" అన్నారట. ఈ మాట ఆయన ఒక్కసారే చెప్పారు. బయట వరుసలో ఇంకా పదకొండు మంది ఉన్నారు. భార్య మాత్రం ఆస్పత్రి నుంచి ఇంటికి పోతూ దారిలోనే కొత్తది కొనేసింది. తనకూ ఒకటి కొనుక్కుంది.

వైద్యపరంగా ఇంతటితో విషయం ముగిసింది కాబట్టి ఊరు చేతిలోకి తీసుకుంది.

రికార్డులాయన తలకు గుడ్డ చుట్టుకుని ఇంట్లో పడుకుని ఉండగా మొదట మేనత్తగారు వచ్చారు. తను చిన్నప్పుడు ఆముదం పెట్టి రోజూ అదిమిన మాడు అదని, అలాంటి మాడు ఎక్కడ పడ్డా ఏమీ కాదని తేల్చారు. పాలు పోసే ఆయన, పద్దెనిమిదేళ్ళుగా ఆ ఇంటికి తను పోసిన పాలలోని బలం ఇవాళ బయటపడిందన్నాడు. ఆ పాలలో ఇంతకుముందు బయటపడింది నీళ్ళు మాత్రమేనన్న సంగతి పెద్దమనసుతో ఎవరూ ఎత్తలేదు. బావమరిది, బండి మంచి బరువైంది కాబట్టి మెల్లగా పడిందన్నాడు. ఆ బండి అమ్మిపెట్టింది అతనే.

కాలువ గట్టు కట్టిన కాంట్రాక్టరుగారి రాక అన్నిటికంటే ముఖ్యమైంది. గట్టులో ఇసుక పాలు ఎక్కువై, సిమెంటు పేరుకే ఉందని నిరుడు ఫిర్యాదు వచ్చి విచారణ నడుస్తోంది. ఆయన నేరుగా మా అధికారిగారి గదిలోకి వెళ్ళి, ఆ గట్టు గట్టిగా కట్టి ఉంటే మీ గుమస్తా ఇవాళ మీ మధ్య ఉండేవాడా అని ప్రశ్నించారు. వారం తిరక్కుండా విచారణ మూసేశారు. 'ప్రజల తలలను దృష్టిలో పెట్టుకుని మృదువుగా నిర్మించినందుకు' కాంట్రాక్టరుగారిని అభినందిస్తూ పోయిన ఉత్తరానికి నంబరు వేసింది నేనే.

హెల్మెట్ సంగతి ఎవరూ పట్టించుకోలేదనడం అన్యాయం. మా లెక్కల విభాగం పెద్దాయన పట్టించుకున్నారు. ఇరవై రెండేళ్ళు హెల్మెట్ లేకుండా తిరిగితే పడినవి సున్నా. హెల్మెట్ ఇంట్లోకి వచ్చిన నెల లోపే పడింది ఒకటి. కాబట్టి పడటానికి కారణం హెల్మెట్, పడినా బతకడానికి కారణం తల. ఆయన దీన్ని కాగితం మీద రెండు గడులు గీసి చూపించారు. తప్పు ఎక్కడుందో మాకెవరికీ దొరకలేదు.

అప్పటి నుంచి రికార్డులాయనకు ఉక్కుతల అని పేరొచ్చింది. సెలవు ముగించుకుని ఆయన ఆఫీసుకు వచ్చేసరికి జుట్టు పొట్టిగా కత్తిరించి ఉంది. తల చూడటానికి పక్క కార్యాలయాల నుంచి కూడా మనుషులు వచ్చేవారు. కొందరు వేలు మడిచి తలుపు తట్టినట్టు తట్టి చూసి, తృప్తిగా తల ఊపి వెళ్ళేవారు. ఇరవై రెండేళ్ళుగా ఆయన దగ్గరికి ఎవరొచ్చినా పోయిన ఫైలు కోసమే వచ్చారు. ఆయన కోసమే మనుషులు రావడం ఇదే మొదలు.

మొదట్లో ఆయన నిజమే చెప్పేవారు. హెల్మెట్ ఉండబట్టి బతికానండీ అంటే, వచ్చినవాళ్ళ మొహాలు వాడిపోయేవి. అంత దూరం నుంచి వచ్చినవాళ్ళను నిరాశపరచడం ఏ మర్యాదస్తుడికైనా కష్టమే. అందుకని మొదటి వారం కథలో తల మీదున్న హెల్మెట్ రెండో వారానికి బండి అద్దం మీదికి పోయింది. మూడో వారానికి అసలు ఇంట్లోనే ఉండిపోయింది. కథ వింటున్న నేను, ఆ పగిలిన హెల్మెట్‌ను ఆస్పత్రి నుంచి నా చేత్తో మోసుకొచ్చినవాణ్ణి, నోరెత్తలేదు. రోజూ నాకు కూడా ఆయనతో పాటు ఎవరో ఒకరు టీ తెప్పించేవారు.

నాలుగో వారంలో ఆయన ఉత్త తలతో బండెక్కారు. గేటు దగ్గర భార్య కొత్త హెల్మెట్ పట్టుకుని నిలబడితే, నలుగురూ చూస్తే బాగుండదని చెప్పి పోనిచ్చారు. బాగుండనిది ఆవిడ దాన్ని పట్టుకోవడమో, ఆయన పెట్టుకోవడమో చెప్పలేదు. అది మొదలు ఆవిడ పట్టీ పట్టుకుని గేటు దాకా రావడం మానేసింది.

ఇంతలో రహదారి భద్రతా వారం వచ్చింది. ఈసారి సభ మా కార్యాలయం ఆవరణలోనే జరపాలని, ముఖ్య అతిథిగా ఉక్కుతలనే పిలవాలని పైనుంచి నిర్ణయించారు. ప్రశంసాపత్రం, పూలగుచ్ఛం, వేదిక మీద అధికారిగారి పక్కన కుర్చీ. కబురు తెలిసిన సాయంత్రం ఆయన ఈల వేసుకుంటూ ఇంటికి వెళ్ళారు. అక్కడ జరిగింది ఆయన చాలా రోజుల తర్వాత, మా గదిలో మరెవరూ లేనప్పుడు, నాకు చెప్పారు.

భార్య అల్మారాలోని ఆయన చొక్కాలన్నీ తీసి మంచం మీద పరిచి ఉంది. పదకొండు. ఒక్కొక్కదాని మీదా టేపు పెట్టి సుద్దతో గీతలు గీస్తోంది. ఏం చేస్తున్నావని ఆయన అడిగారు. ఆవిడ నోట్లోని సూదులు ఒక్కొక్కటే తీసి సూదుల దిండుకు గుచ్చింది.

"గలేబులకు కొలుస్తున్నానండీ. ఇప్పుడైతే తీరిక ఉంది. అప్పుడు చేతులు ఆడవేమో" అంది.

ఒక చొక్కా జేబు చుట్టూ సుద్దతో గీసి మళ్ళీ అంది.

"పై వీధి ఆవిడ జేబులు ఉంచి కుట్టమంది. నాకెలా కావాలో ఎంత ఆలోచించినా తెలియడం లేదు. మీరే చెప్పండి, ఉంచమంటారా, తీసేయమంటారా?"

గొంతులో కోపం లేదట. కోపం ఉంటే తను ఏదో ఒకటి అని తప్పించుకునేవాణ్ణని ఆయన అన్నారు. రోజూ వచ్చేవాళ్ళను చేతి పొడవు ఎంత ఉంచమంటారు అని అడుగుతుందే, అలాగే అడిగిందట. ఆయన ఆ చొక్కాలను కొంచెం పక్కకు జరిపి, మంచం అంచున కూర్చుండిపోయారు. అన్నం కూడా తినలేదు.

మర్నాడు సభకు ఆయన వేసుకొచ్చిన చొక్కా జేబు చుట్టూ తెల్ల గీతలున్నాయి. ఇస్త్రీవాడు పాడుచేశాడనుకున్నాను.

సభ ఘనంగా జరిగింది. వేదిక వెనక 'తలను కాపాడుకుందాం' అని బట్ట మీద రాయించి కట్టారు. ముందు వరసలో మేనత్త, బావమరిది, కాంట్రాక్టరుగారు, పాలాయన కూర్చున్నారు. భార్య ఒక పక్కగా, ఒళ్ళో సంచీ పెట్టుకుని కూర్చుంది. అధికారిగారు ముప్పావు గంట మాట్లాడారు. "సోదర సోదరీమణులారా, నేడు దేశానికి కావలసింది హెల్మెట్లు కాదు. హెల్మెట్లు ఎవరైనా తయారు చేయగలరు. కావలసింది ఇటువంటి తలలు. ఈ తల మా శాఖ తల. మా శాఖలో ఇటువంటి తలలు ఇంకా అనేకం ఉన్నాయని, ఎటువంటి దెబ్బకూ చలించవని, లోపలికి ఏదీ పోనివ్వవని సగర్వంగా మనవి చేస్తున్నాను" అన్నారు. శాఖవాళ్ళమంతా చప్పట్లు కొట్టాం.

అప్పుడు జనంలోంచి ఎవరో, చెప్పడమేనా, చూపించేదేమైనా ఉందా అని అడిగారు. ప్రజల కోరికను కాదనే అలవాటు అధికారిగారికి వేదిక మీద ఉన్నప్పుడు లేదు. ఒక ఇటుక తెమ్మని ప్యూనుకు చెప్పారు. గొయ్యి పూడ్చడానికని ఏడు నెలల కిందట తెప్పించిన ఇటుకలు గోడ పక్కనే ఉన్నాయి. ప్యూను నాలుగైదు ఏరి చూసి, గట్టిగా కాలినదాన్ని తెచ్చాడు. మా కార్యాలయం నాణ్యత విషయంలో రాజీ పడకపోవడం నేను చూడటం అదే ప్రథమం.

రికార్డులాయన లేచి నిలబడ్డారు. ఇటుక వంక చూశారు. భార్య వంక చూశారు. ఆవిడ ఆయన వంక చూడటం లేదు, సంచీ కొస వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ఆయన మైకు దగ్గరికి వచ్చారు. నిలబడ్డ తీరు చూస్తే, పడిన రోజు కంటే ఎక్కువ దెబ్బ తగిలినవాడిలా ఉన్నారు.

"ఆ రోజు నా తల మీద హెల్మెట్ ఉంది" అన్నారు. "పట్టీ కూడా పెట్టి ఉంది. పెట్టింది మా ఆవిడ. అది లేకపోతే నేను లేనని డాక్టరుగారే చెప్పారు. ఈ నెల రోజులూ నేను చెప్పింది అబద్ధం."

ఆయన మైకును ఇంకొంచెం దగ్గరికి లాక్కున్నారు.

"మామూలుగా అయితే వీధి చివర తీసి పారేసేవాణ్ణి. రోజూ అదే చేసేవాణ్ణి. ముందు రోజు సాయంత్రం జుట్టుకు రంగు వేసుకున్నాను. కొత్త రకం. వంకాయ రంగు వచ్చింది. ఎవరైనా చూస్తారని తీయలేదు. నన్ను బతికించింది నా బుద్ధి కాదు, నా సిగ్గు. కాబట్టి ఆ ఇటుక ఎక్కడి నుంచి తెచ్చారో అక్కడ పెట్టించండి."

చెప్పి వేదిక దిగి భార్య పక్కన ఖాళీగా ఉన్న కుర్చీలో కూర్చున్నారు. ఆవిడ సంచీలోంచి కొత్త హెల్మెట్ తీసి ఆయన ఒళ్ళో పెట్టింది. ఆయన కూర్చున్న చోటే, అందరూ చూస్తుండగా, దాన్ని తలకు పెట్టుకుని పట్టీ తనే బిగించుకున్నారు. రెండుసార్లు జారింది. ఆవిడ సాయం చేయలేదు. మూడోసారికి పడింది.

ఒక నిజాన్ని బహిరంగంగా ఒప్పుకున్నప్పుడు సమాజం స్పందించకుండా ఉండదు. మొదట వెనక వరసలో నవ్వు మొదలై ముందు వరసకు వచ్చింది. కాంట్రాక్టరుగారు కళ్ళు తుడుచుకుంటూ నవ్వారు. మేనత్తగారు, వంకాయలో ఏ వంకాయ, పొడుగుదా గుండ్రందా అని అడిగారు. సభ ముగిశాక ఆయన చుట్టూ జనం మూగారు. ఆ రంగు ఏ కంపెనీదో చెబితే తాము జాగ్రత్త పడతామన్నారు. అంత శ్రద్ధగా జాగ్రత్తలు అడిగిన సభ ఈ ఊళ్ళో అంతకుముందు జరగలేదు.

తర్వాతి సోమవారం అధికారిగారి సంతకంతో ఉత్తర్వు వచ్చింది. ఇటీవలి దుర్ఘటనను దృష్టిలో ఉంచుకుని, రహదారి భద్రత నిమిత్తం, ఉద్యోగులందరూ జుట్టుకు నాణ్యమైన రంగులు మాత్రమే వాడవలెను. దానికీ నంబరు నేనే వేశాను.

రికార్డులాయన ఇప్పుడు రంగు వేయడం లేదు. జుట్టు నెరిసిపోయి వయసుకు తగ్గట్టు ఉన్నారు. రోజూ హెల్మెట్ పెట్టుకుని, దాన్ని ఆఫీసు మెట్ల మీద గానీ తీయరు. తల తట్టి చూడటానికి ఎవరూ రావడం లేదు. పాపం ఆ దెబ్బతో తల మెత్తబడిందని అనుకుంటున్నారు.

ఆయన ఒప్పుకోలు వల్ల ఊళ్ళో ఏ మార్పూ రాలేదనడం మాత్రం తప్పు. అంతకుముందు హెల్మెట్ పెట్టుకున్నవాణ్ణి చూస్తే భయస్తుడనుకునేవారు. ఇప్పుడు లోపల ఏ రంగుందోనని వంగి చూస్తున్నారు. టీకొట్టు దగ్గర హెల్మెట్‌తో బండి ఆగితే చాలు, ఒకసారి తీయండి సార్ అని బతిమాలుతున్నారు. మా టైపిస్టు ఆరేళ్ళుగా క్రమం తప్పకుండా హెల్మెట్ పెట్టుకునే మనిషి. పెళ్ళి సంబంధాలు చూస్తున్నారని, అనవసరపు అనుమానాలెందుకని అతను మానేశాడు. లెక్కల విభాగంలో ఇంకొకాయన కూడా పరువు కోసం మానేశారు.

మా ఇంట్లోనూ ఒకటుంది. మా ఆవిడ పోయిన వారమే తెచ్చింది. మంచి రకం, లోపల మెత్త కూడా ఉంది. పెట్టుకుందామనే అనుకున్నాను. కాని నాది పుట్టు నలుపు, ఈనాటికీ ఒక్క వెంట్రుక నెరవలేదు. ఆ సంగతి దారిలో కనిపించిన ప్రతివాడికీ బండి ఆపి చెప్పుకోలేను కదా.